వరసలో పెట్టిన బిందె

"ఆ రోజుల్లో నేను మ్యూజియంలో ఉన్నాను" అని ఎవరితోనైనా మొదలుపెడితే చాలు, మా ఇంటామె వంటింట్లోంచే అందుకుంటుంది. "పనికి పెట్టుకోనుండిరా, జనం చూసిపోయేకి పెట్టుకోనుండిరా, అది సరిగ్గా చెప్పు" అంటుంది. విన్నవాళ్ళు నా మొహం వైపు ఒకసారి చూసి తీర్పు ఆమెకే ఇస్తారు. నేనూ పైకోర్టుకు పోను. ఏడో తరగతితో చదువు ముగించుకున్నవాణ్ణి (ముగించుకున్నానని నేనంటాను, వదిలిపోయిందని మా అయ్యవారు అనేవారు). మ్యూజియంలో గాజు పెట్టెల్లో ఉండే వస్తువులకూ నాకూ పెద్ద తేడా లేదు. వాటి కింద ఏమిటో ఎప్పటిదో చెప్పే చీటీ అయినా ఉంటుంది, నాకు అదీ లేదు. కానీ నిజంగానే కొద్దిరోజులు అక్కడ పనిచేశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత వచ్చేది నవ్వు కాదు. అందుకే నవ్వు ఉన్నంతలోనే చెప్పేయాలని చూస్తున్నాను.

అప్పట్లో అనంతపురంలో మా వీధికి నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ట్యాంకరు డ్రైవరుకు కూడా తెలిసేది కాదు. కానీ బిందెల వరస మాత్రం వీధిలో ఎప్పుడూ ఉండేది. తెల్లారితే ముందు వాకిలి ఊడ్చేవాళ్ళో, వరసలో బిందె పెట్టేవాళ్ళో చెప్పడం కష్టం. వరసలో బిందె పెట్టిన మనిషి కూలికి పోవచ్చు, సినిమాకు పోవచ్చు, ఊరికి కూడా పోవచ్చు. ఆ మనిషి బదులు బిందె నిలబడి ఉంటుంది. బిందె లేనివాళ్ళు రాయి పెట్టేవాళ్ళు, ఆ రాయికీ అదే మర్యాద. మా దిక్కు చేని గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నారు, కోడిపిల్ల కోసం వియ్యంకులు మాటలు మానుకున్నారు. అలాంటి జనంలో కూడా వరసలో ఉన్న బిందెను జానెడు పక్కకు జరిపినవాడు లేడు. దొంగలు ఇంట్లో దూరి గిన్నెలు ఎత్తుకపోయిన సంగతులు విన్నాను గానీ, వీధిలో దిక్కూమొక్కూ లేకుండా నిలబడ్డ బిందెను ముట్టిన దొంగను గురించి వినలేదు. దొంగ ఇంట్లోనూ నీళ్ళు కావాలి కదా.

ఆ వరసలో మా అవ్వ బిందె (అవ్వ అంటే మా నాయన తల్లి) దూరం నుంచే తెలిసిపోయేది. చుట్టూ ఎరుపూ పచ్చా ప్లాస్టిక్ బిందెలు, మధ్యలో ఒక్కటే ఇత్తడి బిందె. ప్లాస్టిక్ బిందెలో నీళ్ళు నోటికి పట్టవని అవ్వ దాన్నే మోసేది. ఎప్పుడో ఒక ఏడాది వానలు మాట మీద నిలబడి, శెనక్కాయలు బాగా పండి, ఆ సంబరంలో మా తాత ఆమెను తాడిపత్రి తీసుకుపోయి కొనిచ్చిన బిందె అది. అంగడివాడు చిన్న ఉలి తీసుకొని పేరు చెక్కడానికి కూర్చుని, "ఏం పేరు ఏయాల?" అని తాతను అడిగాడట. సామాను మీద ఇంటి మగవాడి పేరు వేయించుకోవడం అప్పటి రివాజు. మా తాత మాత్రం అవ్వ పేరు చెప్పాడు. అంగడివాడు రెండోసారి అడిగాడట, తాత రెండోసారీ అదే చెప్పాడు. అవ్వకు చదువు రాదు. అయినా బిందె మెడ కింద ఉన్న ఆ అక్షరాలను బొటనవేలితో తడుముతూ కూర్చునేది. తన పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆమె వేలికి తెలుసు. (ఆ పేరు నేనిక్కడ రాయను. ఇత్తడి మీద రాసిన పాపానికే అది అంత దూరం పోయింది, కాగితం మీద రాస్తే ఇంకెక్కడికి పోతుందో.)

ఇక నా సంగతి. పెళ్ళికాని వయసు, పందిళ్ళు వేసే ఒకాయన దగ్గర పని. ఆయన్ను అందరూ షామియానా అన్న అనేవాళ్ళు. గుంజలు పాతడం, కుర్చీలు దించడం, జనం విసుక్కోకుండా నాలుగు మాటలు చెప్పి నవ్వించడం నా పని. మూడోదానికి కూలి లేదు గానీ, మొదటి రెండూ సరిగ్గా చేయకపోయినా అన్న నన్ను పెట్టుకోవడానికి అదే కారణం. నేను నోరు తెరిస్తే జనం నవ్వడానికి తయారుగా ఉండేవాళ్ళు. అది ఎంతవరకు పోయిందంటే, ఒక పెళ్ళిలో "అన్నా, పందిట్లో తేలుండాది" అని నేను నిజంగానే అరిస్తే, పెళ్ళివారంతా పొట్ట పట్టుకొని నవ్వారు. పెళ్ళికొడుకు మేనమామ పంచె ఎత్తుకొని గంతులు వేయడం మొదలుపెట్టాక గానీ ఎవరూ నమ్మలేదు. ఆ రోజు నేనూ నవ్వాను. నా మాటకు విలువ పోతున్నదని అప్పుడే తెలిసుంటే ఆ తేలుకు దండం పెట్టి బుద్ధి తెచ్చుకునేవాణ్ణి.

మా వీధి వెనకే ఒక చిన్న మ్యూజియం ఉండేది. ముక్కులు విరిగిన విగ్రహాలు, తుప్పు పట్టిన కత్తులు, ఎండకు తట్టుకోలేక లోపలికొచ్చి పడుకునే కుక్క ఒకటి. అలాంటి చోటికి బెంగుళూరు నుంచి ఒక మేడమ్ వచ్చింది. బొమ్మలు వేసే ఆమె కాదు, వస్తువులను అమర్చే ఆమె. కొత్తకాలపు కళ అంటే అదేనని అన్న చెప్పాడు (మోసి పేర్చే పని ఒప్పుకున్న అన్నకూ అది ఆ పొద్దుటే తెలిసింది). ఆమె అమర్చినవి జనం వచ్చి చూస్తారు, నచ్చినవాళ్ళు కొనుక్కుంటారు. ఆ వచ్చిందంతా ఒక ట్రస్టుకు పోతుంది. ట్రస్టువాళ్ళు దాంతో ఒక ట్యాంకరు కొని, ముదిగుబ్బ దిక్కు నీళ్ళు లేని పల్లెలకు ఊరికే నీళ్ళు తోలుతారు. ఆ పల్లెల్లో మాది కూడా ఒకటి. బోరు ఎండిపోతే మేము ఇల్లు ఖాళీ చేసి పట్నం చేరాం గానీ, మా చిన్నాయన కుటుంబం అక్కడే ఉండిపోయింది. చిన్నమ్మ దినామూ ఎంత దూరం నుంచి నీళ్ళు మోసుకొస్తుందో చూసినవాణ్ణి కాబట్టి, ఆ ట్రస్టు మాట వినగానే నేను కొంచెం ఎక్కువ శ్రద్ధగానే పనిలో దిగాను.

మేడమ్ పెట్టించినవాటిలో తుప్పు పట్టిన బోరు పైపులు ఉన్నాయి, గొర్రెలు లేని గొర్రె గంటలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది బిందెల వరస. పాత సామాను అమ్మే గుజిరీ అంగడిలో దొరికిన సొట్ట బిందెలు, సత్తువీ ప్లాస్టిక్‌వీ, గేటు దగ్గర మొదలై, మెట్లెక్కి, తాడిపత్రి బండలు పరిచిన హాల్లోకి వెళ్ళి ఒక కొళాయి కింద ముగుస్తాయి. ఆ కొళాయి పైకప్పు నుంచి తీగతో వేలాడుతుంది. దానికి పైపు లేదు. ఆ మొత్తానికి 'నిరీక్షణ' అని పేరు. బిందెలన్నీ పేర్చిన తర్వాత నేను నడుము పట్టుకొని, "మేడమ్, మా వీధిలో ఇది దినామూ పెడతారు. చూసేకి ఎవురూ రారు" అన్నాను. మేడమ్ గలగలా నవ్వి, "నువ్వు భలే మాట్లాడతావే" అంది. అక్కడ మొదలైంది నా ఖర్మ.

మర్నాడు పొద్దున్నే నేను గేటు దగ్గర కాపలా ఉన్నాను. మా వీధిలో బిందెల వరసకు పెద్ద దిక్కు ఒకామె ఉండేది. ఆమెను ట్యాంకరక్క అనేవాళ్ళం. ఆమె అటుగా పోతూ గేటులోంచి లోపలికి పోయిన బిందెల వరస చూసింది. ఆగింది. నా వైపు అనుమానంగా చూసింది.

"ఏమప్పా, ఈ పొద్దు ట్యాంకరు ఈడికొస్తాందా?"

"ట్యాంకరు ల్యాదు, ఏం ల్యాదక్కా. ఇవి ఊరికే చూసేకి పెట్టినారు."

"బిందెలు చూసేకి పెడతారా ఎవురన్నా? మాకు చెప్పకుండా మ్యూజియమోళ్ళు సొంతంగా ట్యాంకరు పిలిపించుకోనుండారు. అంతే కదా?"

"నిజంగా చెప్తాండా అక్కా. నీళ్ళు రావు."

"నువ్వు నిజం చెప్పిన రోజు వానొస్తాది పో" అని, ఆమె ఇంటికి పోయి రెండు బిందెలు తెచ్చి గేటు దగ్గర చివరి బిందె వెనక పెట్టింది. ఆమె పెడితే ఇక చెప్పేదేముంది. కాసేపటికి మా వీధి, పక్క వీధి, మసీదు వెనక వీధి, అన్నీ వచ్చి చేరాయి. వరస గేటు దాటి రోడ్డెక్కింది. బిందె లేని ముసలాయన ఒకడు చెప్పు విడిచి వరసలో పెట్టి, ఒంటి చెప్పుతో టీ తాగడానికి పోయాడు.

అవ్వ వచ్చింది అప్పుడే. చంకన ఇత్తడి బిందె, చేతిలో గుడ్డసంచి. వరస చివర ఎక్కడో రోడ్డు మలుపులో ఉందని చూసింది. గేటు దగ్గర మనుమడు ఉన్నాడని చూసింది. రెండూ కలిపి ఒక లెక్క వేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా లోపలికి నడిచి, మెట్లెక్కి హాల్లోకి పోయింది. కొళాయి ముందు, అన్నిటికన్నా ముందున్న సత్తు బిందెకూ కొళాయికీ మధ్య మేము కొంచెం చోటు వదిలి ఉన్నాం. అవ్వ తన బిందెను అక్కడ దించి, పేరున్న వైపు కనబడేటట్టు తిప్పింది. (ఒకరి బిందెను జరపడం పాపం గానీ, చోటు కనిపిస్తే దూరడం తెలివి. వరసలో ఈ రెంటికీ ఎప్పుడూ గొడవ లేదు.)

నేను పరుగెత్తుకొని పోయి, "అవ్వా, ఇది ట్యాంకరు వరస కాదు" అన్నాను.

"నాకు తెలుసులే. మెల్లగా మాట్లాడు. గేటు కాడుండేటోళ్ళు వింటారు."

"అది కాదవ్వా. ఇది కళ."

"కళో గిళో. నా ముందర ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ ల్యారు."

"ఈ సత్తు బిందె ఎవురిది?"

"ఎవురిదీ కాదు. గుజిరీలో తెచ్చినాం."

"అట్లయితే నాదే మొదటిది" అని అవ్వ తృప్తిగా కొంగు దులుపుకుంది. "చెల్లెలికి కండ్ల ఆపరేషన్ అయిందంట, తాడిపత్రికి పోతాండా. రేపో మన్నాడో వస్తా. అందాక బిందె ఈడే ఉండనీ."

"నేను ఇంటికి తీసుకపోయి పెడతాలే."

అవ్వ నన్ను తల నుంచి కాలి దాకా చూసింది. "వరసలోంచి బిందె తీస్తావా? ఏం బుద్ధి రా నీది? ట్యాంకరు ఈ పొద్దు రాకపోతే రేపొస్తాది. రేపు రాకపోతే మన్నాడొస్తాది. బిందె ముట్టుకుంటివా, చూడు మళ్ళా." అంతే, బస్సుకు టైమయిందని పోయింది. ఆమె అట్లా చెప్పాక ఆ బిందెను నేను ముట్టుకోలేదు. మా ఇంట్లో అవ్వ మాటకు ఎదురు చెప్పి బతికినవాళ్ళు లేరు, మా తాతతో సహా.

మధ్యాహ్నం మేడమ్ వచ్చి, రోడ్డు దాకా పోయిన వరస చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. జనమే తన కళలో కలిసిపోయారని ఆమెకు కళ్ళు చెమర్చాయి. అప్పటికే ఎండకు కాగి ఉన్న ట్యాంకరక్క ఆమెను నిలేసి, నీళ్ళు ఎప్పుడొస్తాయో అడిగింది. రావని మేడమ్ చాలా మర్యాదగా, చాలా పెద్ద మాటలతో చెప్పింది. ట్యాంకరక్క అంతా విని, "పెండ్లికొడుకు ల్యాకుండా పందిరేసినట్లుండాదమ్మా నీ యవ్వారం" అని, తన బిందెలు తీసుకొని, "వాడు చెప్తానే ఉండె, మనమే నమ్మకపోతిమి" అని నా వైపు చూపించింది. జనమంతా ఎవరి బిందెలు వాళ్ళు తీసుకుపోయారు. ముసలాయన వచ్చి చెప్పు వేసుకున్నాడు. బయటినుంచి వచ్చినవాటిలో, హాల్లో కొళాయి కింద అవ్వ బిందె మాత్రం మిగిలింది.

మేడమ్ దాని ముందు ఆగిపోయింది. "ఇది మనది కాదే. ఎవరు పెట్టారు?"

"మా అవ్వ మేడమ్" అన్నాను. "వరసలో పెట్టి ఊరికి పోయింది."

మేడమ్ కళ్ళు మూసుకుంది. నేను చెప్పిన మాటనే ఇంకోసారి మెల్లగా పలికింది. "వరసలో పెట్టి ఊరికి పోయింది. ఎంత లోతుగా చెప్పావు నువ్వు" అంది. సాయంత్రానికల్లా ఆ మాట అట్టముక్క మీద అచ్చయి, 'నిరీక్షణ' అనే పేరు కింద గోడకెక్కింది. బళ్ళో అయ్యవారు నా రాత చూసి పలక పగలగొట్టిన రోజులు గుర్తొచ్చి, నేను ఆ అట్టముక్క ముందు కాసేపు నిలబడ్డాను. అబద్ధం చెప్పను, కొంచెం గర్వంగానే ఉండింది.

మరుసటి రోజు ప్రారంభం. కార్లు వచ్చాయి, ఖద్దరు చొక్కాలు వచ్చాయి, వాటి వెనక బెంగుళూరు నుంచి ఒక కళ్ళజోడు సారు వచ్చాడు. పెద్ద కంపెనీ ఆయనది. కొత్తగా కట్టుకున్న ఆఫీసులో, వాకిట్లోకి వచ్చినవాళ్ళకు ఎదురుగా కనబడేటట్టు ఏదో ఒకటి పెట్టాలని వెతుకుతున్నాడట. బోరు పైపులు చూసి తల ఊపాడు. గొర్రె గంటలు చూసి తల ఊపాడు. బిందెల వరస వెంబడి నడిచి వచ్చి అవ్వ బిందె దగ్గర వంగి, అక్షరాలు చదివి, "ఇదీ అసలు ప్రాణం" అన్నాడు. మొత్తం వరసను తీసుకుంటానన్నాడు. ట్రస్టు పెద్దాయన, తెల్లగడ్డం మనిషి, అక్కడే చేతులు జోడించాడు. ట్యాంకరు దాదాపు వచ్చేసినట్టే.

చేతిలో ఉన్న కుర్చీ దించి ముందుకు పోయాను. "సార్, అది మా అవ్వ బిందె సార్."

కళ్ళజోడు సారు నా వైపు తిరిగాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "అవును. ఇక్కడున్న ప్రతి బిందే ఎవరో ఒక అవ్వదే" అని నా భుజం తట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

"అట్ల కాదు సార్. నిజంగా మా అవ్వదే. ఆమె తాడిపత్రికి పోయినాది. వస్తే అడుగుతాది."

"వస్తుంది, అడుగుతుంది" అని మేడమ్ పక్కనున్నవాళ్ళతో అంది. "చూశారా, చదువు లేదు. గోడ మీద మాట కూడా ఇతనిదే." మళ్ళీ చప్పట్లు. ఒకాయన నాతో ఫోటో దిగాడు. ఆ ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, నేను మాత్రం నోరు తెరిచి ఏదో చెబుతున్నాను. షామియానా అన్న వెనక నుంచి నా నడుము గిల్లి, "చాల్లే రా నీ హాస్యం, పెద్దోళ్ళు ఉండారు, గమ్మునుండు" అన్నాడు. నా జీవితంలో అంతమందిని నేను ఎప్పుడూ నవ్వించలేదు. ఒక్క హాస్యం కూడా చెప్పకుండా నవ్వించాను.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. బిందెలను పాత చీరల్లో చుట్టి, మధ్యలో గడ్డి కుక్కి, చెక్కపెట్టెల్లో సర్దే పని మాదే. అన్నీ సర్దాను. అవ్వ బిందె ఒక్కటి మిగిలింది. కొళాయి కింద గొంతుక్కూర్చుని ఉంటే మేడమ్ వచ్చి, "ఏమైంది? ఇవాళ మాటలు లేవే?" అంది.

"మేడమ్, ఇది మా అవ్వ బిందె."

ఆమె నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. నేను నవ్వించకుండా ఉన్నప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఆమె అప్పుడే చూసిందనుకుంటాను. నా పక్కనే బండ మీద కూర్చుంది. "నిజమా? మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా మేడమ్. మీరు గోడ మీద రాయించినారు."

ఆమె గోడ వైపు చూసింది. తర్వాత లేచి ఫోను తీసింది. కళ్ళజోడు సారు విమానంలో ఉన్నాడు, ఫోను పలకలేదు. నేను తాడిపత్రిలో ఉన్న అవ్వ చెల్లెలి కొడుక్కు ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది. (ఆస్పత్రిలో ఫోను మోగకూడదని అవ్వే దాన్ని దిండు కింద పెట్టించిందని తర్వాత తెలిసింది.) లారీ డ్రైవరు ఎండెక్కకముందే రాప్తాడు దాటి హైవే ఎక్కాలని హారన్ కొడుతున్నాడు. ట్రస్టు పెద్దాయన విషయం విని నా దగ్గరికొచ్చాడు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"నాయనా, బిందె మీది. నువ్వు తీసుకపోతానంటే అడ్డం చెప్పేకి నేనెవరు?" అన్నాడు. "కాకపోతే ఆయన ఇష్టపడింది దీన్నే. ఇది ల్యాకుండా పంపితే ఏమంటాడో నాకు తెలీదు. తీసుకుంటే తీసుకుంటాడు. వద్దంటే ట్యాంకరు ల్యాదు. అంతే నేను చెప్పగలిగేది."

"ట్యాంకరు మొదట యాడికి పోతాది సార్?"

ఆయన చెప్పిన పల్లెల పేర్లలో మా ఊరు మూడోదో నాలుగోదో. నాకు చిన్నమ్మ కనబడింది, తల మీద ఒకటి చంకన ఒకటి పెట్టుకొని బండదారిలో నడిచి వస్తూ. అవ్వ కూడా కనబడింది, బొటనవేలు బిందె మెడ మీద పెట్టుకొని. ఇద్దరిలో ఎవరికి సమాధానం చెప్పడం తేలికో ఆలోచించాను. అదే నేను చేసిన ఆలోచన, అంతకన్నా గొప్పదేమీ కాదు. అవ్వ అయితే తిట్టి ఊరుకుంటుందనుకున్నాను. బిందెను చీరలో చుట్టి, గడ్డి పెట్టి, లారీలోకి నా చేతులతోనే ఎత్తాను. ఎత్తేముందు ఆ అక్షరాలను బొటనవేలితో తడిమి చూశాను. నాకు చదువు వచ్చు కాబట్టి వేలికి ఏమీ తెలియలేదు.

అవ్వ ఆ మధ్యాహ్నమే దిగింది. బస్టాండు నుంచి ఇంటికి రాకుండా నేరుగా మ్యూజియానికే వచ్చింది. ఖాళీ హాలు, తీగకు వేలాడే కొళాయి, దాని కింద చతికిలబడి నేను.

"ట్యాంకరొచ్చి పోయినాదా?" అంది.

"రాలేదవ్వా."

"మరి వరసేది?"

జరిగిందంతా చెప్పాను. అవ్వ అంతా విని, తిట్టలేదు. తిట్టుంటే నేనీ కథ ఇంకో రకంగా చెబుతూ ఉండేవాణ్ణి. ఆమెకు పోయినదాని మీద కన్నా ఇంకోదాని మీద ఆశ్చర్యం. "వరసలో ఉండే బిందెను ఎత్తుకపోయినారా?" అని రెండుసార్లు అడిగింది.

"ఎత్తుకపోలేదవ్వా. దొంగలు కారు. కొనుక్కోనుండాడు."

"ఎవురి దగ్గర?"

అవ్వ కొళాయిని ఒకసారి తిప్పి చూసి (చూడటం ఆమె ధర్మం), గుడ్డసంచి తీసుకొని ఇంటికి నడిచింది.

ఆ తర్వాత మేడమ్ ఒక కొత్త ఇత్తడి బిందె పంపింది. అద్దంలా మెరిసేది. అవ్వ దాని మెడ చుట్టూ వేలు తిప్పి, ఏమీ తగలకపోయేసరికి అందులో కందిపప్పు పోసి మూత పెట్టింది. నీళ్ళు మాత్రం ఏనాడూ పట్టలేదు. ఆ మేడమే ట్రస్టువాళ్ళకు చెప్పి నన్ను ట్యాంకరు మీద పనికి పెట్టించింది. అలా డ్రైవింగు నేర్చుకున్నాను. కొన్నేళ్ళకు ఏదో పని మీద బెంగుళూరు పోయినప్పుడు కళ్ళజోడు సారు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళాను. గాజు తలుపుల అవతల, పైనుంచి పడే లైటు కింద, బిందెలు వరసగా కనబడ్డాయి. వాకిట్లో కాపలావాడు ఎవరు కావాలని అడిగాడు. "మా అవ్వ బిందె" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వి వచ్చేశాను. ఆ నవ్వు ఒకప్పుడు నాకు కూడు పెట్టింది కదా, దాన్ని తిట్టుకోవడానికి మనసొప్పదు. ఇప్పుడు నాదంటూ ఒక షామియానా అంగడి ఉంది, నా దగ్గర పనిచేసే పిల్లలు నా మాటలకు నవ్వుతారు. అవ్వ లేదు. ఆమె పోయిన రోజు కూడా నేను ఫోను చేసి చెబితే, ఒకరిద్దరు బంధువులు "ఊరుకో రా, పొద్దున్నే" అన్నారు.

కానీ అవ్వకు నా మీద కోపం ఉండిపోయిందా అని ఎవరైనా అడిగితే, నాకు బిందె పోయిన మరుసటి వేసవి గుర్తొస్తుంది. అవ్వ అప్పుడు పల్లెలో చిన్నాయన ఇంట్లో ఉంది. నేను ట్రస్టు ట్యాంకరు తోలుకొని మొదటిసారి మా ఊళ్ళోకి పోయాను. వేపచెట్ల నీడలో ఆడవాళ్ళంతా మాట్లాడుకుంటూ కూర్చున్నారు, చిన్నమ్మ కూడా ఉంది, ఆమె మొహంలో నవ్వు ఉంది. ఎండలో బిందెల వరస తన పని తాను చేసుకుంటోంది. ఆ వరసలో, బిందెల మధ్య, మనిషి ఒక్కతే. అవ్వ. చంకన పచ్చ ప్లాస్టిక్ బిందె పెట్టుకొని నిలబడి ఉంది. నేను ట్యాంకరు దిగి, పాత అలవాటు కొద్దీ, "ఏమవ్వా, ఊరంతా నీడలో ఉంటే నీకెందుకు ఈ తపస్సు? బిందె వరసలో పెట్టి నువ్వు కూడా పోయి కూర్చోరాదా?" అన్నాను. అవ్వ నా వైపు చూడలేదు. బిందెను ఒక చంకలోంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"పెట్టి పోతే మళ్ళా కళ అయిపోతాది నాయనా. నేనే నిలబడతా. నన్నయితే ఎవురూ కొనరులే."